‘మ్యానిప్యులేషన్’: పదపుట్టుక, అర్థపరిణామం, తెలుగులో దాని స్థానం

ఉపోద్ఘాతం

ఆంగ్లంనుండి తెలుగు వాడుకలోకి వచ్చి, అనువాదానికి సులభంగా లొంగని పదాలలో ‘మ్యానిప్యులేషన్’ ఒకటి. పత్రికలలోను, మనస్తత్వశాస్త్ర రచనలలోను, సాహిత్యవిమర్శలోను ఈ పదం ఎదురైనప్పుడు తెలుగు రచయితలు సందర్భాన్నిబట్టి మోసం, వంచన, తారుమారు, ప్రభావితం చేయడం, లోబరచుకోవడం వంటి మాటలు వాడుతున్నారు. కొందరు ఆంగ్లపదాన్నే తెలుగు లిపిలో రాసి ఊరుకొంటున్నారు. ఈ తెలుగు మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు కాబట్టి, ఏ మాటను ఎంచుకొన్నారన్నదాన్నిబట్టి పాత్ర మీద, వ్యక్తి మీద చెప్పే తీర్పు మారిపోతుంది. ఒక పాత్ర మరొక పాత్రను మోసం చేసిందని రాసిన విమర్శకుడు ఆ పాత్ర ఆడిన అబద్ధాన్ని చూపవలసి ఉంటుంది. ప్రభావితం చేసిందని రాస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ మిగలదు. గురువు శిష్యుణ్ణి, గ్రంథం పాఠకుణ్ణి ప్రభావితం చేస్తూనే ఉంటాయి. ఒక్క అబద్ధమూ ఆడకుండా ఎదుటివాని నిర్ణయాన్ని తన అవసరానికి మలచుకొన్న పాత్రను గురించి రాయవలసి వచ్చినప్పుడు పై రెండు మాటలూ చాలవు.

ఈ ఇబ్బందికి కారణం తెలుగు పదసంపద కొరత అని చెప్పడం పరిపాటి. ఆ అభిప్రాయాన్ని పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. ఆంగ్లపదపు పుట్టుకను, అర్థపరిణామాన్ని ముందుగా గుర్తించి, అదే దారిలో నడిచిన తెలుగు పదాలను దానితో పోల్చి, ఆపైన తెలుగు ప్రేరణార్థక క్రియల నిర్మాణంలో ఈ భావం ఎక్కడ ఉందో వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పరిశీలనకు లక్ష్యాలుగా మహాభారతంలోని శల్యుని ఘట్టాన్ని, పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లోని మిత్రభేదాన్ని, గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని స్వీకరిస్తుంది.

1. పిడికెడు గడ్డినుండి పరుల మనసు దాకా

‘మ్యానిప్యులేషన్’కు మూలం లాటిన్‌లోని ‘మానిపులుస్’. చేయి అని అర్థమిచ్చే ‘మానుస్’ శబ్దానికి, నింపడాన్ని సూచించే ధాతువు చేరి ఏర్పడిన సమాసం ఇది. చేతినిండా పట్టేంత అని దాని వ్యుత్పత్త్యర్థం; తెలుగులో ‘పిడికెడు’కు దగ్గర. కోతకోసినవాడి గుప్పిట్లో ఇమిడే గడ్డికీ, కట్టిన పనకూ రోమనులు ఈ మాట వాడారు. రోమన్ సైన్యంలో ఒక దళానికి కూడా ఇదే పేరు. గణతంత్రకాలపు సైన్యంలో ముందు రెండు వరుసలలోని ఒక్కొక్క దళంలో సాధారణంగా 120 మంది ఉండేవారు. పూర్వం ఆ దళాలవారు కర్రకు గడ్డికట్ట కట్టి ధ్వజంగా మోసేవారనీ, అందువల్ల ఆ పేరు వచ్చిందనీ ప్రాచీనులు చెప్పిన కథ. ఆ కథ నిజమైనా కాకపోయినా, చేతిలో పట్టిన కట్ట అన్న భావం చెదరకుండానే ధాన్యంనుండి మనుషుల గుంపుకు మారిందన్నది గమనార్హం.

ఐరోపా ఔషధశాలలలో ఇదే శబ్దం కొలతగా నిలిచింది. మూలికలను పిడికెడు చొప్పున కొలిచే మందులవాని మానంగా అది ఫ్రెంచిలోకి వచ్చింది. కొలవడం, నూరడం, కలపడం వంటి చేతిపనులన్నిటికీ కలిపి ఫ్రెంచివారు ‘మానిపులాసియోఁ’ అన్నారు. ఆంగ్లంలో ఈ రూపం 18వ శతాబ్ది ప్రథమార్ధంలో, 1730 ప్రాంతంలో, వెండి ఖనిజపు పనికి సంబంధించిన ఒక పద్ధతికి పేరుగా కనిపిస్తుంది. దాని తరువాత రసాయనశాస్త్రం దానిని స్వీకరించింది. మైకేల్ ఫారడే 1827లో ప్రచురించిన ప్రయోగశాల గ్రంథానికి ‘కెమికల్ మ్యానిప్యులేషన్’ అని పేరు పెట్టాడు. గాజుగొట్టాలను వంచడం, తూకం వేయడం, వడపోయడం వంటి నేర్పులను విద్యార్థులకు బోధించే పుస్తకమది. ఆ శీర్షికలో నిందార్థపు ఛాయ లేదు. చేయి తిరిగినతనం అన్న గౌరవమే ఉంది.

క్రియారూపం నామరూపం తరువాత పుట్టడం ఈ పదచరిత్రలో మరొక విశేషం. ‘మ్యానిప్యులేట్’ అన్న క్రియ 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో నామంనుండి వెనక్కు ఏర్పడింది. ఆ కాలంలోనే వస్తువులకు వాడిన మాట మనుషులకూ వాడసాగారు. శతాబ్ది ద్వితీయార్ధానికి స్వలాభంకోసం మనుషులను నేర్పుగా తిప్పుకోవడం, లెక్కలనూ విపణి ధరలనూ కృత్రిమంగా కదపడం అన్న అర్థాలు స్థిరపడ్డాయి. నేటికీ ఆంగ్లంలో పాత అర్థం పూర్తిగా పోలేదు. కీళ్ల వైద్యంలోను, యంత్రశాస్త్రంలోను అది నిర్దుష్టంగానే వాడుకలో ఉంది. వస్తువును పట్టినప్పుడు మెప్పు, మనిషిని పట్టినప్పుడు నింద: ఇదీ ఆ పదం చేరిన స్థితి.

ఈ పరిణామంలో పదం తనతో తెచ్చుకొన్న ఊహ ఒకటి ఉంది. పట్టే చేయి ఒకటి, పట్టుబడే వస్తువు ఒకటి. గడ్డి, మూలిక, ఖనిజం, గాజుగొట్టం ఉన్న స్థానంలోకి చివరకు మనిషి వచ్చాడు. వస్తువుకు ఇచ్ఛ లేదు. ఆ స్థానంలో నిలబెట్టిన మనిషికీ ఇచ్ఛ లేనట్టే పదం ధ్వనిస్తుంది. ఆంగ్లంలో ఒకడు ‘మ్యానిప్యులేట్’ కాబడ్డాడంటే అతని బాధ్యత చాలావరకు తొలగిపోవడానికి ఈ ఊహ కొంత కారణం.

2. తెలుగులో చేతిమాటలు

నేర్పును చెప్పే మాట నిందకు దిగజారడం తెలుగుకు కొత్త కాదు. ‘చేతివాటం’ ఇందుకు చక్కని ఉదాహరణ. వాటం అంటే అనుకూలమైన తీరు, ఒరవడి. ఎడమచేతివాటం అన్నప్పుడు ఆ మాటలో ఇప్పటికీ దోషం లేదు. విశేషణం లేకుండా ఒకడు చేతివాటం చూపాడంటే మాత్రం చిల్లర దొంగతనం చేశాడనే నేటి పాఠకుడు గ్రహిస్తాడు. ‘హస్తలాఘవం’ విలువిద్యలోను, శిల్పంలోను ప్రశంస. సంతలో జేబు పోయినప్పుడు ఎత్తిపొడుపు. ‘చేయి తిరిగిన’ అన్న పలుకుబడి మాత్రం పాత గౌరవాన్ని నిలుపుకొంది. చేయి తిరిగిన రచయిత అనవచ్చు గాని చేతివాటం గల రచయిత అంటే అపార్థం తప్పదు.

ఆంగ్లంలో చేతినుండి పుట్టిన మరొక మాట ‘మేనేజ్’ కూడా తెలుగులో ఈ దారే పట్టింది. గుర్రాన్ని చేతితో అదుపుచేసి శిక్షణనివ్వడాన్ని చెప్పే ఇటాలియన్ క్రియనుండి అది ఆంగ్లంలోకి వచ్చింది. ఆంగ్లంలో నిర్వహణ దాని ప్రధానార్థం. తెలుగు సంభాషణలో ఒక అధికారిని ‘మేనేజ్ చేశారు’ అంటే డబ్బుతోనో, పలుకుబడితోనో, మాటలతోనో తమవైపు తిప్పుకొన్నారని అర్థం. నిర్వహణను చెప్పడానికి ‘నడపడం’ వంటి మాటలు అప్పటికే ఉన్నందున, కొత్తమాట ఖాళీగా ఉన్న అర్థస్థానాన్ని వెతుక్కొంది. ఆ ఖాళీస్థానం ‘మ్యానిప్యులేషన్’ అర్థానికి ఎంతో సమీపంలో ఉండడం యాదృచ్ఛికం కాదు.

కైవసం, హస్తగతం, చేజిక్కించుకోవడం అనే మాటలు వశమైన ఫలితాన్ని చెబుతాయి గాని వశపరచిన తీరును చెప్పవు. ‘చేతబడి’ తీరును చెబుతుంది గాని దానిని మానవాతీతశక్తికి అప్పగిస్తుంది. ‘కైతవం’ కూడా చేతిమాటల కోవలోనిదే అని పైకి తోచవచ్చు. అది కై శబ్దంతో సంబంధం లేనిది, జూదరి అని అర్థమిచ్చే సంస్కృత ‘కితవ’ శబ్దంనుండి ఏర్పడినది. చేతి పేరుతో ఉన్న తెలుగు నామపదాలలో ‘మ్యానిప్యులేషన్’కు పూర్తిగా సరితూగేది కనిపించదు. అయితే నామపదాల వెతుకులాటతో ఆగిపోతే అసలు విషయం చేయి జారుతుంది. తెలుగు ఈ భావాన్ని ప్రధానంగా క్రియలో దాచుకొంది.

3. దారం, మగ్గం, బొమ్మ

క్రియను పరిశీలించే ముందు చేతికి అనుబంధమైన పరికరాలనుండి పుట్టిన మాటలను గుర్తించాలి. ‘తంత్రం’ అనే సంస్కృతశబ్దానికి విస్తరించడం అని అర్థమిచ్చే ‘తన్’ ధాతువు మూలం. మగ్గం, దానిమీద సాగదీసిన పడుగు దాని తొలి అర్థాలలోనివి. వ్యవస్థ, శాస్త్రం, పరిపాలన అన్న అర్థాలు అక్కడినుండి వచ్చినవే. తెలుగు వ్యవహారంలో అది ఉపాయంగా, కుతంత్రంగా కుంచించుకొంది. స్వతంత్రుడు, పరతంత్రుడు అన్న జంటలో మాత్రం విస్తృతార్థం నిలిచి ఉంది. ‘మ్యానిప్యులేషన్’కు గురైనవాని స్థితిని ఈ జంటతో కచ్చితంగా చెప్పవచ్చు: తాను స్వతంత్రుణ్ణని నమ్మే పరతంత్రుడు. బానిస పరతంత్రుడే, కాని ఆ సంగతి అతనికి తెలుసు. ఆ ఎరుక లేకపోవడమే ఇక్కడి వ్యావర్తక లక్షణం.

‘సూత్రధారి’ మరొకటి. సంస్కృత నాటకప్రయోక్తకు ఈ పేరు ఎందుకు వచ్చిందన్న విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. బొమ్మలాటలోని దారాలు పట్టేవాడే మొదటి సూత్రధారి అని జర్మన్ సంస్కృత పండితుడు పిషెల్ ప్రతిపాదించాడు. కొలతాడు పట్టే శిల్పిని గుర్తుచేసినవారూ ఉన్నారు. నేటి తెలుగు పత్రికాభాషలో నేరవార్తలలో సూత్రధారి, పాత్రధారి అన్న జంట స్థిరపడింది. నాటకశాలలోని గౌరవనామం నేరస్థలానికి చేరడం ‘మ్యానిప్యులేషన్’ పదపరిణామానికి దగ్గరి పోలిక.

‘కీలుబొమ్మ’ అన్న మాట తెలుగు ప్రాంతపు బొమ్మల కళను గుర్తుచేస్తుంది. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు ఆనించి పుల్లలతో ఆడిస్తారు. మెడ, భుజం, మోచేయి వంటి చోట్ల విడి ముక్కలను దారపు ముడులతో కలుపుతారు. ముడి బిగుసుకొంటే బొమ్మ ఆడదు. మరీ వదులైతే నిలవదు. ఆడించేవాడు కొత్త కదలికను సృష్టించడం లేదు. బొమ్మకు ఏ కీలు దగ్గర వంగే గుణముందో ఆ కీలు దగ్గరే కదుపుతున్నాడు. కీలెరిగి వాత పెట్టాలన్న లోకోక్తిలోనూ ఈ జ్ఞానమే ఉంది. మనిషి విషయంలో ఆ కీలు అతని భయం కావచ్చు, ఆశ కావచ్చు. అతని మంచితనం కూడా కావచ్చునని శల్యుని కథ చూపుతుంది.

4. ప్రేరణార్థకం: ఇద్దరు కర్తలున్న క్రియ

ఎదుటివానిని తిప్పుకోవడాన్ని చెప్పే తెలుగు పలుకుబడులను ఒకచోట చేర్చి చూస్తే వాటిలో ఒక సామాన్యలక్షణం స్ఫుటంగా కనబడుతుంది. మునగచెట్టు ఎక్కించడం, ముగ్గులోకి దించడం, ఉసికొల్పడం, పురికొల్పడం, నమ్మించడం, ఉబ్బించడం, ఏమార్చడం, ఆడించడం: ఇవన్నీ ప్రేరణార్థకాలే. ప్రతిదానిలోనూ లోపల ఒక మూలక్రియ ఉంది. ఎక్కేవాడు, దిగేవాడు, నమ్మేవాడు, ఉబ్బేవాడు, ఏమరేవాడు వేరొకడు. మునగకొమ్మ పెళుసైనది; దానిమీదికి పొగడ్త అందుకొన్నవాడే తన కాళ్లతో ఎక్కుతాడు. ఎక్కించినవాడు నేలమీదనే ఉంటాడు.

ఈ నిర్మాణపు తత్త్వాన్ని వ్యాకరణసంప్రదాయం ఏనాడో గుర్తించింది. పాణిని కర్తను స్వతంత్రుడుగా నిర్వచించి, ఆ వెంటనే వచ్చే సూత్రంలో ఆ కర్తను ప్రేరేపించేవానికి ‘హేతువు’ అన్న సంజ్ఞనూ, కర్త సంజ్ఞనూ రెండింటినీ ఇచ్చాడు. ప్రేరేపించేవాడు ప్రయోజకకర్త, ప్రేరణ పొంది పనిచేసేవాడు ప్రయోజ్యకర్త. రెండవవాడు ప్రేరితుడైనంత మాత్రాన కర్తృత్వాన్ని కోల్పోడు. వంట చేయించినవాడు ఒకడైనా వండినవాడు వండినవాడే. ఒకే పనికి ఇద్దరు కర్తలను అంగీకరించిన ఈ దృష్టి, పట్టే చేయి–పట్టుబడే వస్తువు అన్న లాటిన్ ఊహకు భిన్నమైనది.

తెలుగులో ఈ భేదం మరొక మెట్టు ముందుకు వెళుతుంది. ‘యజమాని పనివానిచేత పొలం దున్నించాడు’ అన్న వాక్యంలో ప్రయోజ్యకర్త తరువాత వచ్చే విభక్తిప్రత్యయం ‘చేత’. చేయి శబ్దపు ఔపవిభక్తికరూపం ‘చేతి’తో ఈ ప్రత్యయానికి సంబంధముందన్నది భాషావేత్తలు ప్రతిపాదించిన విషయం. చేయి అన్న నామానికీ, చేయు అన్న ధాతువుకూ ద్రావిడభాషలలో వేర్వేరు మూలాలను గుర్తిస్తారు. తెలుగులో ధ్వనిపరిణామంవల్ల రెండూ దగ్గరయ్యాయి. అందువల్ల అవయవమైన చేయి, చేసిన పనిని చెప్పే ‘చేత’, చేసేవానిని చెప్పే ‘చేత’ ప్రత్యయం తెలుగువాని చెవికి ఒకే కుటుంబంగా వినిపిస్తాయి. ‘చెప్పుచేతలలో ఉంచుకోవడం’ అన్న పలుకుబడికి బలం వచ్చింది ఇక్కడినుండే: ఒకడు చెప్పడం, మరొకడు చేయడం.

ఆంగ్లపదంలోని చేయి ఆడించేవానిది. అది ఎదుటివానిని పట్టుకొని ఉంది. తెలుగు ప్రేరణవాక్యంలో ఆడినవాడే ఆడించేవానికి చేయి అయ్యాడు. వస్తువుకు ఇచ్ఛ ఉండదు గాని చేతికి కదలిక ఉంది, శక్తి ఉంది, పనిచేసిన గుర్తు ఉంది. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధానాంశం ఇదే.

ప్రేరణార్థకాలన్నీ ఒకే తీరున ప్రవర్తించవన్నదీ గమనించాలి. ‘వానిచేత సంతకం చేయించాడు’ అన్నచోట తృతీయ వస్తుంది. ‘వానిని నమ్మించాడు, వానిని ఏమార్చాడు, వానిని ఆడించాడు’ అన్నచోట ద్వితీయ వస్తుంది. అకర్మకధాతువులు, మనఃస్థితిని తెలిపే నమ్ము వంటి ధాతువులు రెండవ కోవలో చేరుతాయి. మనసును కదిపినప్పుడు మనిషి కర్మ. ఆ కదిలిన మనసుతో పని జరిగినప్పుడు అతడు ప్రయోజ్యకర్త. ‘వానిని నమ్మించి, వానిచేత సంతకం పెట్టించాడు’ అన్న వాక్యంలో ‘మ్యానిప్యులేషన్’ మొత్తం ఉంది. ఆంగ్లం ఒక నామంలో కుదించిన రెండు దశలను తెలుగు రెండు క్రియలుగా విడదీసి, ఒకే మనిషికి రెండు విభక్తులు ఇచ్చి చెబుతుంది.

క్రియల మధ్య ఉన్న తారతమ్యాలు కూడా విమర్శకు పనికివస్తాయి. ‘ఒప్పించడం’లో ఎదుటివానికి తనను ఒప్పిస్తున్నారని తెలుసు, కాదనే వీలు అతనికి ఉంది. ‘నమ్మించడం’ పైకి తటస్థంగా ఉన్నా, నమ్మించి గొంతు కోశాడన్న పలుకుబడి దానికి నీడలా అంటుకొంది. ‘ఏమార్చడం’ ఏమరు ధాతువునుండి వచ్చింది. జాగ్రత్త సడలేలా చేయడం దాని అర్థం. అబద్ధం అక్కడ అవసరం లేదు, చూపు మరలితే చాలు. ‘ఆడించడం’ ఒక్కసారితో ముగిసేది కాదు. ఒకని తాళానికి మరొకడు చాలాకాలం ఆడుతూ ఉండడాన్ని అది చెబుతుంది.

5. లక్ష్యపరిశీలన

తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వం ఆరంభంలోని శల్యుని ఘట్టం ఈ తారతమ్యాలకు గీటురాయి. మద్రరాజైన శల్యుడు నకులసహదేవుల మేనమామ. పాండవులకు తోడ్పడాలని సేనలతో బయలుదేరాడు. దుర్యోధనుడు అది తెలుసుకొని, అతని దారిపొడవునా విడిదులు కట్టించి సకల సౌకర్యాలు అమర్చాడు. ఆ ఆదరణంతా ధర్మరాజు చేయించినదే అని శల్యుడు భావించాడు. ఏర్పాట్లు చేసినవానికి బహుమతి ఇవ్వాలనుకొన్నాడు. అప్పుడు దుర్యోధనుడు ఎదుటికి వచ్చాడు. సంతోషించిన శల్యుడు కోరిక కోరుకోమన్నాడు. తన సేనకు నాయకుడవు కమ్మని దుర్యోధనుడు కోరాడు. శల్యుడు మాట ఇచ్చాడు.

ఇందులో దుర్యోధనుడు ఆడిన అబద్ధం లేదు. విడిదులు నిజమైనవి, ఆతిథ్యం నిజమైనది. ధర్మరాజు పేరును అతడు వాడుకోలేదు. ఆ పేరును శల్యుడే ఊహించుకొన్నాడు. దుర్యోధనుడు చేసినదల్లా ఆ ఊహకు చోటిచ్చి, సమయం వచ్చేవరకు కనబడకుండా ఉండడం. అతడు పట్టుకొన్న కీలు శల్యుని దోషం కాదు. ఆతిథ్యానికి కృతజ్ఞత చూపడం, ఇచ్చిన మాటకు కట్టుబడడం అనే రెండు సద్గుణాలను పట్టుకొనే అతడు శల్యుణ్ణి తిప్పాడు. ఈ ఘట్టాన్ని మోసం అంటే ఆధారం చాలదు, ప్రభావం అంటే నిజం చాలదు. శల్యుణ్ణి ఏమార్చి శల్యునిచేత మాట ఇప్పించాడన్నదే సరైన వివరణ. మాట ఇచ్చినవాడు శల్యుడే కాబట్టి దానికి అతడు బద్ధుడయ్యాడు. నిజం తెలిసిన తరువాత కూడా అతడు వెనుదీయలేదు. ప్రయోజ్యుడైనా కర్తే అన్న వ్యాకరణనియమం ఇక్కడ ధర్మనియమంగా పనిచేసింది.

ఆ తరువాత ధర్మరాజు శల్యుణ్ణి కోరిన కోరిక వేరు. కర్ణునికి సారథ్యం వహించవలసి వచ్చినప్పుడు అతని తేజస్సును తగ్గించమని ధర్మరాజు నేరుగానే అడిగాడు. శల్యుడు తెలిసి ఒప్పుకొన్నాడు. శల్యుని పట్ల ఇది ఒప్పించడం; కర్ణుని పట్ల మాత్రం శల్యునిచేత చేయించిన పని. ధర్మరాజు అధర్మాన్ని కోరాడని నిందించే విమర్శకూ, ఎత్తుకు పైయెత్తు వేశాడని మెచ్చుకొనే విమర్శకూ మధ్యనున్న చిక్కు ఈ రెండు సంబంధాలను కలిపివేయడంవల్ల వచ్చింది. శల్యుని విషయంలో ధర్మరాజు దుర్యోధనునికంటె నిష్కపటి. కర్ణుని విషయంలో ఆ మాట చెప్పడం కష్టం.

ఈ కథనుండి తెలుగు జాతీయంగా నిలిచినది ‘శల్యసారథ్యం’. పక్కనుండి నిరుత్సాహపరచే మాటలకు ఆ పేరు వాడుకలో ఉంది. దారివెంట విడిదుల కథ మాత్రం జాతీయంగా మారలేదు. పైకి వినిపించే మాటకు భాష పేరు పెట్టింది. మాట లేకుండా జరిగినదానికి పెట్టలేదు. ‘మ్యానిప్యులేషన్’కు తెలుగు నామం స్థిరపడకపోవడానికి గల కారణాలలో ఈ అదృశ్యత ఒకటి కావచ్చు.

చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) లోని మిత్రభేదం మరొక రీతిని చూపుతుంది. పింగళకమనే సింహానికీ, సంజీవకమనే ఎద్దుకూ కుదిరిన చెలిమిని దమనకమనే నక్క విడదీస్తుంది. ఎద్దు ద్రోహం తలపెట్టిందని సింహానికి, సింహం చంపదలచిందని ఎద్దుకు చెబుతుంది. ఇక్కడ అబద్ధం స్పష్టంగా ఉంది. అయితే ఆ అబద్ధం ఒక్కటే సంజీవకుణ్ణి చంపలేదు. ఎదుటివాని మనసు మారిందని ఏ గుర్తులనుబట్టి తెలుసుకోవచ్చో కూడా దమనకుడు చెప్పి ఉంచాడు. భయంతో బిగుసుకొన్న ఇద్దరూ ఒకరిలో ఒకరికి ఆ గుర్తులే కనబరిచారు. చెప్పుడుమాటగా మొదలైనది కళ్లారా చూసిన సాక్ష్యమయింది. వంచనకూ ఆడించడానికీ ఉన్న తేడా ఇక్కడ తేటపడుతుంది. వంచితుడు అబద్ధాన్ని నమ్ముతాడు. ఆడింపబడినవాడు ఆ అబద్ధాన్ని తన ప్రవర్తనతో నిజం చేస్తాడు. యుద్ధంలో దమనకుని పంజా తగలలేదు. సింహంచేత చంపించాడు. కథ చివర పింగళకుడు ఊరట పొందినా, చంపిన చేయి తనదన్న సంగతి మారదు.

‘కన్యాశుల్కం’ (తొలి ముద్రణ 1897, పునర్లిఖిత రూపం 1909) ఈ రెండు రీతులనూ పక్కపక్కన నిలుపుతుంది. సుబ్బి పెళ్లి తప్పించడానికి శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టిన కరటకశాస్త్రి పేరు, మిత్రభేదంలో దమనకునికి తోడైన నక్క పేరే. పేరు నక్కదైనా అతడు చేసినది సూటిగా మోసం: వేషం తీస్తే బయటపడే మోసం. దాని వెనుక ఒక చిన్నపిల్లను కాపాడాలన్న సదుద్దేశం ఉంది. గిరీశం తీరు అట్లాంటిది కాదు. అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యాల మీదున్న మక్కువను, ఇంగ్లీషు చదువు మీద ఆ ఇంటిలో పెరిగిన ఆశను, బుచ్చమ్మ వైధవ్యదుఃఖాన్ని, వెంకటేశం వెర్రి ఆరాధనను అతడు వేర్వేరు కీళ్లుగా గుర్తించి, ఎవరికి తగిన మాట వారికి చెబుతాడు. వితంతు వివాహాన్ని గురించి అతడు చెప్పిన మాటలలో చాలా భాగం సంస్కర్తలు చెప్పిన నిజాలే. నిజాలతోనే ఆడించవచ్చునని చూపడం గురజాడ సాధించిన సూక్ష్మత. అందుకే సౌజన్యారావు పంతులు చివరకు వితంతు వివాహమనే ఆశయాన్ని వదలకుండానే గిరీశాన్ని తిరస్కరించి, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే నిర్ణయానికి రాగలిగాడు. మాట నిజమా అబద్ధమా అన్న పరీక్ష ఒక్కటే ఉన్న విమర్శకునికి ఈ ముగింపు అకారణంగా కఠినంగా తోస్తుంది. ఎవరిచేత, ఎవరి ప్రయోజనానికి అన్న ప్రశ్న వేసినప్పుడు దాని న్యాయం బోధపడుతుంది.

6. సమానార్థకాల ఎంపిక

పై పరిశీలననుబట్టి, ఒకే ఆంగ్లపదానికి ఒకే తెలుగు నామాన్ని నిర్ణయించే ప్రయత్నం లాభంకంటె నష్టమే ఎక్కువ చేస్తుందని చెప్పవచ్చు. ఆంగ్లం వస్తువునూ మనిషినీ ఒకే మాట కిందికి తెచ్చింది. తెలుగు వాటిని వేరుగా ఉంచుతున్నది. ఆ వేర్పాటును కాపాడుకోవాలి. లెక్కలు, సాక్ష్యాలు, పత్రాలు, ధరల విషయంలో ‘తారుమారు చేయడం’ ఇప్పటికే స్థిరపడింది; అది వస్తువులకు పరిమితం కావడమే మేలు. మనిషి జాగ్రత్తను సడలించడం ‘ఏమార్చడం’. అతని నమ్మకాన్నో కోరికనో పట్టుకొని తన ప్రయోజనానికి నడిపించడం ‘ఆడించడం’. అబద్ధాన్ని నిరూపించగలిగినచోటనే ‘మోసం’, ‘వంచన’ వాడాలి. శాస్త్రరచనలో నామపదం తప్పనిసరైనప్పుడు ‘అవిదిత ప్రేరణ’ అన్న సమాసాన్ని పరిశీలించవచ్చు. ప్రేరణ అన్న వ్యాకరణసంజ్ఞలో ఇద్దరు కర్తలూ నిలిచి ఉంటారు. ‘అవిదిత’ అన్న విశేషణం ఒప్పించడంనుండి, ఆజ్ఞాపించడంనుండి దానిని వేరుచేస్తుంది.

ముగింపు

పిడికెడు గడ్డిని చెప్పిన లాటిన్ శబ్దం ఔషధశాల, గని, ప్రయోగశాల దాటి మనిషి మనసును చేరేసరికి, మనిషి వస్తువు స్థానంలో నిలిచాడు. ఆ ఊహ తెలుగులోకి అనువాదంద్వారా యథాతథంగా వస్తే, ఆడినవాని కర్తృత్వం మాసిపోయి ఆడించినవాడొక్కడే మిగులుతాడు. శల్యుడు, పింగళకుడు, బుచ్చమ్మ అటువంటి వస్తువులు కారు. వారు నమ్మారు, మాట ఇచ్చారు, కదిలారు. వారి కథలలోని విషాదానికి మూలం అదే. తెలుగు ప్రేరణార్థకం ఇద్దరినీ కర్తలుగా ఉంచుతుంది గనుక ఆడించినవాని దోషాన్ని తగ్గించకుండానే ఆడినవాని బాధ్యతను, దానితోపాటు అతడు మేలుకొనే అవకాశాన్ని నిలుపుతుంది. మేలుకోవడం వస్తువుకు లేదు. ‘మ్యానిప్యులేషన్’కు తెలుగులో మాట లేదనే అభిప్రాయాన్ని ఈ దృష్టితో సవరించుకోవలసి ఉంది. నిఘంటువులో పదంగా వెతికినది తెలుగు వాక్యంలో విభక్తిగా, ప్రేరణక్రియగా ఉంది. పాత్రల మధ్య సంబంధాలను వివరించే విమర్శ ఎవరు, ఎవరిని, ఎవరిచేత అన్న మూడు ప్రశ్నలనూ విడివిడిగా అడిగినప్పుడు అది బయటపడుతుంది.